మొండి తెలుపు

ఆమె నడవగా నేను చూడలేదు. బడిలో ఒక తరగతి నుంచి ఇంకో తరగతికి పోయేటప్పుడు కూడా కుచ్చెళ్ళు ఎడమచేత్తో ఎత్తిపట్టుకొని, పాదాలు నేలకు ఆనీ ఆననట్టు పరుగున పోయేది. ఎదురొచ్చినవాళ్ళు కంగారుపడి "ఏమైంది టీచరమ్మా?" అంటే, "ఏమీ కాలేదప్పా, పోతాండానంతే!" అని ముందుకే చూస్తూ కేకేసేది.

మొన్న పొద్దున ఎమ్మిగనూరు నుంచి పాత విద్యార్థిని ఒకామె ఫోన్ చేసింది. "మేడం, మన హిందీ టీచరమ్మ పోయినారు. నిద్రలోనే పోయినారంట" అంది. నిండు వయసు, సుఖమైన చావు. సరేనమ్మా అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక కళ్ళముందు కదిలింది ఒక గాజుసీసా. దానికి అవతలనుంచి వంకర తిరిగి, ఇంతింత కళ్ళతో నన్ను చూసి నవ్వుతున్న ముఖం.

డెబ్భైల్లో నేను ఎమ్మిగనూరు ఆడపిల్లల బడికి లెక్కల టీచరుగా వచ్చాను. సొంతూరు కర్నూలు. పెళ్ళి కాలేదు. ఒంటరి ఆడపిల్లకు గది ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఆ సాయంత్రం ట్రంకుపెట్టె పక్కన పెట్టుకొని బడి వరండాలో దిగులుగా నిలబడి ఉంటే ఆమె పరుగున వచ్చింది.

"నీకు ఇల్లు కావాలంట గదా పాపా? మా ఇంట్లో ఒక గది ఉంది. కానీ వాసన వస్తాది. ఓర్చుకుంటావా?"

"ఏం వాసనండీ?"

"వచ్చి సూడు!"

ట్రంకుపెట్టె ఒక కొస నేను పట్టుకునేలోపే రెండో కొస ఆమె ఎత్తేసింది. బడిలో హిందీ ఎంత శుద్ధంగా మాట్లాడేదో ఇంట్లో తెలుగు అంతకంత మా సీమ మాటగా మాట్లాడేది. నేను ఆమెను అక్కా అని పిలవడం ఆ దారిలోనే మొదలైంది.

వీధంతా మగ్గాలు. లేచింది మొదలు టకటక, టకటక. ఆ చప్పుడు మధ్యన ఆమె ఇల్లు. వెనక వసారాలో ఒక గది తలుపు తోసి, పుట్టిన బిడ్డను చూపించినట్టు "సూడు!" అంది. గోడవారన గడ్డిచుట్టల మీద పెద్ద పెద్ద గాజుసీసాలు. పొట్ట కడవంత ఉంది, మెడ చెయ్యి దూరనంత సన్నం. లోపల నల్లద్రాక్ష రసం, బెల్లం, ఏవో ఎండుపూలు, దినుసులు. మూతికి పలచని గుడ్డ. తియ్యగా, పుల్లగా, ముక్కులో గుచ్చే వాసన.

అది ద్రాక్షాసవం. ఆమె తండ్రి మంత్రాలయం దగ్గర నది ఒడ్డున ఒక పల్లెలో గుడిసేవ చేసుకుంటూ వైద్యం కూడా చూసేవాడట. బాలింతలకు, జ్వరం పడి లేచినవాళ్ళకు, ఆకలి చచ్చిన ముసలివాళ్ళకు ఆసవం పులియబెట్టి ఇచ్చేవాడట. "మా అన్నలు గుళ్ళోకి పోయినారు, నేను కుండల్లోకి దిగితి" అని ఆమె నవ్వేది. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు కూడా ఆ మాటే జవాబు.

తండ్రి చేసింది మట్టికుండల్లో. మూత పెట్టి, మట్టి మెత్తి, చీకటి గదిలో పెట్టి మరిచిపోయేవాడు. ఆమె మరిచిపోయే రకం కాదు. "కుండలో ఏం జరుగుతాందో కుండకే తెల్సు. నాకు సూడాల!" అని గాజుకు మారింది. రసం పులియడం మొదలైందంటే ఇంట్లో పండగ. సన్నసన్నని బుడగలు గాజు వెంబడి పైకి ఎగబాకుతుంటే సీసాకు చెవి ఆనించి, కళ్ళు మూసుకొని, చెయ్యెత్తి నన్ను పిలిచేది. "రా పాపా, బిన్నా రా! మాట్లాడతాంది!" నేను కూడా చెవి పెట్టేదాన్ని. దూరంగా ఎక్కడో వాన కురుస్తున్నట్టు సన్నటి చప్పుడు. ఎన్నిసార్లు విన్నా ఆమెకు అది మొదటిసారే.

అంత ఇష్టం గనకనే గాజు మీద చిన్న మరక పడితే తట్టుకోలేకపోయేది. మా ఊరి బోరునీళ్ళ సంగతి తెలిసిందే. బకెట్ అంచున, చెంబు లోపల, దేవుడి గ్లాసు అడుగున ఎక్కడ నీళ్ళు ఆరితే అక్కడ తెల్లటి పొర. సీసా లోపల ఆ పొర పేరుకుంటే బుడగలు కనబడవు. "కంట్లో పువ్వేసినట్టుంది సూడు దీనికి" అని సీసాను జాలిగా నిమిరేది.

ఒక ఆదివారం నా గది తలుపు దబదబా బాదింది.

"లే పాపా! ఆదోనిలో షర్బతు కార్ఖానా మూసేసినారంట! గాజుసీసాలు ఉండాయంట!"

ముఖం కడుక్కునేలోపలే బస్సెక్కించింది. పత్తికాయలు పగిలే రోజులు, దారి పొడవునా చేలు తెల్లగా విచ్చుకొని ఉన్నాయి. ఆమె ఒక్కసారైనా బయటికి చూస్తే ఒట్టు. "ఎంత పెద్దవి ఉంటాయంటావు? మెడ సన్నంగుంటాదా? గాజు పచ్చగుంటాదా, తెల్లగుంటాదా?" అని నేనేదో ముందే చూసి వచ్చినట్టు నన్నే అడిగింది.

కార్ఖానా కొండ కింద పాత పేటలో ఉంది. యజమాని ఒక ముసలి సాయిబు. ఆయన చూపించిన సీసాల్లో అవతల ఏముందో కనబడదు. ఏళ్ళ తరబడి పట్టిన సున్నం వాటిని పాలసీసాల్లా చేసింది.

"ఏం చేసినా పోలే బేటీ. పారేద్దామనుకుంటి" అన్నాడు సాయిబు.

"పారేస్తారా? ఈ నడుము సూడు, ఈ మెడ సూడు! ఎట్ల పారేయబుద్ధయితాది సాయిబూ మీకు?"

సాయిబు తన కార్ఖానా మూతపడిన దిగులు మరిచి పకపకా నవ్వాడు. సీసాలకు గడ్డి చుట్టి తనే మోసుకొచ్చి బస్సుదాకా సాగనంపాడు. తిరుగు బస్సులో మా ఇద్దరి ఒళ్ళోనూ సీసాలే. గుంత వచ్చినప్పుడల్లా ఆమె సీసాను రెండు చేతులతో గుండెకు హత్తుకునేది. కండక్టరు చూసి, "ఏందక్కా, కవలపిల్లలా? వీళ్ళకు టికెట్ కొట్టాల్నా?" అన్నాడు.

"ఒళ్ళో కూసున్న బిడ్డలకు టికెట్ ఏంటికప్పా!" అంది. బస్సంతా నవ్వు.

ఆ వారమంతా మా పెరట్లో కాలు పెట్టే చోటు లేదు. పిండిన నిమ్మకాయలు, చింతపండు పులుసు, బియ్యపు నూకలు, ఏటి ఇసుక. అన్నీ సీసాలోకి పోసి, మూతికి గుడ్డ బిగించి, ఒళ్ళో పడుకోబెట్టుకొని ఊపేది. లోపల గలగల. ఆమె నోట ఏదో కన్నడ జోలపాట. నిమ్మరసం తగిలి సున్నం పొర బుసబుసమని నురుగు తేలి, గోరంత గాజు బయటపడితే చాలు, "శాబాష్!" అని అరిచేది. ఆ మెచ్చుకోలు సీసాకు. తను చేసిందేమీ లేనట్టు.

డ్రిల్లు టీచరు ఒకరోజు, "కోడిగుడ్డు పెంకులు నలగ్గొట్టి వేసి ఊపితే భలే పోతాది" అని సలహా ఇచ్చింది.

"గుడ్డు పెంకా? మా నాయిన పైనుంచి దిగొస్తాడు!" అని చెవులు మూసుకుంది.

తొందర ఆమె జబ్బు. ఒకసారి ఇసుక చాల్లేదని బావి బొక్కెన గొలుసు ముక్క లోపల వేసి ఊపింది. సీసా నిలువునా నెర్రె విచ్చింది. ఇంకోసారి చల్లటి సీసాలో సలసల కాగే నీళ్ళు పోసింది. టప్పుమని అడుగు ఊడిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు. మరుసటి పొద్దున చూస్తే ఆ ఊడిన అడుగులో మట్టి పోసి మెంతులు చల్లి ఉంది. అప్పటినుంచి వేడినీళ్ళంటే మాత్రం దడ. చన్నీళ్ళతోనే కుస్తీ.

సున్నం సంగతి అట్లా తేలింది కానీ ఇంకొక తెలుపు ఆమెకు లొంగలేదు. ఆసవం వంచేశాక సీసా అడుగున, భుజాల దగ్గర గరుగ్గా ఒక పెచ్చు మిగిలేది. తెలుపే, కానీ కొద్దిగా ఊదారంగు కలిసిన తెలుపు. పటికబెల్లం పలుకులు గాజుకు అతికించినట్టు ఉండేది. నిమ్మరసం పోస్తే ఉలకదు. చింతపండు పోస్తే పలకదు. గంజి పులియబెట్టిన కాడి పోసినా అంతే. ఏడాదికేడాది మందమవుతూ వచ్చింది. దానికి ఆమె మొండిది అని పేరు పెట్టింది. పొద్దున బడికి బయలుదేరే ముందు ఆ సీసా దగ్గరికి పోయి, "ఉండు, సాయంత్రం వచ్చి నీ పని పడతా" అని వేలు చూపించి పోయేది. సాయంత్రం కొత్త పులుపేదో తెచ్చి పోసేది. మొండిది కదిలేది కాదు.

మా ఇంటి గోడ అవతల నాగమ్మ ఉండేది. ఆమె, మొగుడు ఇద్దరూ మగ్గం నేసేవాళ్ళు. మొగుడిది మంచి చెయ్యి, పంచె అంచు నేస్తే చూసి తీరాలి. సాయంత్రమైతే మాత్రం సారా కొట్టు దారి పట్టేవాడు. నాగమ్మ మా అక్కను చూస్తే తల తిప్పుకునేది. "ఏమక్కా, బాగుండావా?" అని ఈమె గోడమీదనుంచి పలకరించినా పలికేది కాదు. "చెవుడేమో పాపం" అనుకొని ఈమె ఇంకా గట్టిగా అరిచేది.

ఒక ఆదివారం పొద్దున వాకిట్లో జీపు ఆగింది. ఆబ్కారీ ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు దిగారు. ఎస్సై కుర్రవాడు. వాకిట్లోనే నిలబడి, "అమ్మా, మీ ఇంట్లో సారా కాస్తాండారని ఫిర్యాదు వచ్చింది" అన్నాడు. ఒక కానిస్టేబులు కళ్ళు ఒక్క క్షణం గోడవైపు పోయాయి. గోడమీద ఉన్న తల చటుక్కున కిందికి దిగింది.

నేను గడపలోనే ఆగిపోయాను. అక్క మాత్రం, "సారానా? అయ్యో, రాండి రాండి, లోపలికి వచ్చి సూడండి!" అని చుట్టాలను పిలిచినట్టు పిలిచింది. గదిలోకి తీసుకుపోయి ఒక్కొక్క సీసానూ పరిచయం చేసింది. "ఇది పోయిన వారం పెట్టింది సారూ. ఇంకా మాట్లాడతాంది. చెవి పెట్టి వినండి!"

ఎస్సై ఏమనుకున్నాడో, టోపీ తీసి నిజంగానే వంగి చెవి పెట్టాడు. కానిస్టేబుళ్ళు ముఖాలు చూసుకున్నారు.

"వాసన వస్తాందమ్మా" అన్నాడు లేచి.

"వస్తాది మరి! ద్రాక్ష పులిస్తే మల్లెపూల వాసన వస్తాదా సారూ?"

అంతవరకూ బాగానే ఉంది. మూలన ఖాళీ చేసి పెట్టిన మొండిదాని సీసా అప్పుడు ఎస్సై కంటబడింది. వెలుతురుకు ఎత్తి చూశాడు. పుల్లతో గీకితే పలుకులు రాలాయి. అతని ముఖం మారిపోయింది.

"ఈ తెల్లపొడి ఏంది? ఏం కలుపుతాండారు దీంట్లో?"

ఆ రోజుల్లో కల్లులో ఏదో మత్తుపొడి కలిపి అమ్ముతున్నారని ఊరూరా చెప్పుకునేవాళ్ళు. వాకిట్లో అప్పటికే వీధి వీధంతా చేరింది. మగ్గాలు ఆగిపోయాయి. 'పొడి కలుపుతాదంట' అన్న గుసగుస నా చెవిన పడింది.

"ఏం కలపలేదు సారూ, అది దానంతటదే పడతాది" అంది అక్క.

"ఏమో అమ్మా, పరీక్షకు పంపాల. సీసాలన్నీ సీలు వేస్తాం. మీరు గూడా స్టేషనుకు రావాల."

అక్క ముఖంలో నవ్వు మొదటిసారి ఆగింది. "నేను పిల్లలకు పాఠం చెప్పేదాన్ని సారూ. ఈ పొద్దు స్టేషను మెట్టెక్కితే రేపు బడి మెట్టు ఎట్లెక్కేది?" అంది. ఎస్సై తల వంచుకున్నాడు కానీ కదల్లేదు.

"రవ్వంత ఆగండి సారూ. అదేందో నేను మీ ముందరే తేలుస్తా."

పరుగున పోయి నీళ్ళ సీసా ఒకటి, నిమ్మకాయ ఒకటి తెచ్చింది. నీళ్ళసీసాలో పట్టిన తెల్లపొర గీకి పళ్ళెంలో పెట్టి నిమ్మరసం పిండింది. బుసబుస పొంగింది. "ఇది బోరునీళ్ళ సున్నం. మీ ఇంట్లో గూడా ఉంటాది" అంది. ఎస్సై ఒప్పుకున్నాడు.

"మరి ఇది?" అని మొండిదాని పలుకులు చూపించాడు.

అక్క వాటిమీద నిమ్మరసం పిండింది. ఏమీ కాలేదు. ఇంకా పిండింది. కాయ వట్టిపోయేదాకా పిండింది. పలుకులు పళ్ళెంలో అట్లాగే కూర్చున్నాయి. వాకిట్లో ఎవరో నాలుక చప్పరించారు.

ఉన్నట్టుండి సీసాలోంచి కొత్తగా కొన్ని పలుకులు గీకి నాలుక మీద వేసుకుంది.

"వద్దమ్మా!" అని ఎస్సై ఎగిరి ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. అప్పటికే ఆలస్యమైంది. ఆమె కళ్ళు మూసుకుంది. నాకైతే ఆమె అక్కడే కూలిపోతుందనిపించింది.

కళ్ళు తెరిచింది. ఇంతింత చేసి తెరిచింది.

"పులుపు! పాపా, ఇది పులుపు! ద్రాక్ష పులుపే ఇది, గట్టిపడి కూసుంది! అయ్యో దేవరే, ఇన్నేండ్లు పులుపు మీద పులుపు పోస్తిని గదా! అదెట్ల పోతాది? దాని చుట్టాన్ని దాని మీదికి పంపితే కొట్లాడతాదా, కౌగిలించుకుంటాదా?"

ఇద్దరికీ ఒకేసారి తట్టింది. "సోడా!" అని నేను అరిచాను, "వంటసోడా!" అని ఆమె అరిచింది. బజ్జీల కోసం తెచ్చిన సోడా పొట్లం వంటింట్లో ఉంది. నేను కూడా ఆ రోజు నడవలేదు, పరుగెత్తాను. పొట్లం, చెంబుతో వేడినీళ్ళు తెచ్చాను. ఆమె మరో పళ్ళెంలో పలుకులు పోసి, చిటికెడు సోడా చల్లి, పైన నీళ్ళు వంచింది.

పొంగింది! బుసబుసమని, సున్నం కంటే ఎక్కువగా, పళ్ళెం అంచుదాకా పొంగింది. నురుగు దిగేసరికి ఏళ్ళతరబడి కదలని పలుకులు కరిగి చప్పగా నీళ్ళయిపోయాయి.

అక్క రెండు చేతులూ పైకెత్తి ఒక చుట్టు తిరిగింది. "పోయింది సారూ, పోయింది! మొండిది పోయింది!" ఆ క్షణాన ఆమెకు స్టేషనూ గుర్తులేదు, ఉద్యోగమూ గుర్తులేదు. ఎస్సై కూడా ఒక పలుకు నాలుక మీద వేసుకున్నాడు. ముఖం పుల్లగా ముడిచాడు. తనే ఇంకో చిటికెడు సోడా చల్లి వంగి చూశాడు.

"ఏంటికమ్మా ఇది ఇట్ల పొంగుతాది?"

"నాకేం తెల్సు సారూ, నేను హిందీ టీచర్ని! పాపా, నీకు తెల్సా?"

"నేను లెక్కలక్కా" అన్నాను.

కానిస్టేబుళ్ళతో సహా అందరం నవ్వాం. ఆ నవ్వు ఆగాక ఎస్సై టోపీ పెట్టుకున్నాడు.

"ఇది మత్తుపొడి కాదు. మందని నాకు నమ్మకమైంది. కానీ అమ్మా, లైసెన్సు లేకుండా ఇంత ఉంచుకోకూడదు. మిమ్మల్ని చూసీచూడనట్టు పోతే రేపు నిజంగా సారా కాసేవాడు మీ పేరు చెప్తాడు. ఒక్క సీసా ఇంటికి పెట్టుకోండి. మిగతాది పారబోయండి" అన్నాడు మెల్లగా.

అక్క వాదించలేదు. ఏ సీసా ఉంచాలో తేల్చుకోవడానికి మాత్రం చాలాసేపు పట్టింది. ఒకదాని దగ్గరికి పోయేది, ఇంకోదాన్ని చూసి వెనక్కొచ్చేది. చివరికి ఒకదాన్ని పక్కకు జరిపి మిగతావన్నీ కాలువలోకి వంచింది. ఊదారంగు నురుగుతో వీధి కాలువ పరవళ్ళు తొక్కింది. ఊరపందులు రెండు ఎక్కడినుంచో వచ్చి కడుపునిండా తాగి, మధ్యాహ్నందాకా వీధి మధ్యలో ఒకదాని మీద ఒకటి వాలి గుర్రుపెట్టాయి. జీపు పోయేటప్పుడు డ్రైవరు దిగి వాటిని పక్కకు లాగవలసి వచ్చింది.

పారబోసిన బాధ ఆమెను పట్టేలోపే ఖాళీ సీసాలు ఆమెను పట్టుకున్నాయి. "నీళ్ళు పెట్టు పాపా! గోరువెచ్చగా, సలసల కాదు!" బట్టలసోడా కలిపిన వెచ్చటి నీళ్ళు పోసి ఒక్కో సీసాను ఒళ్ళో ఊపింది. మొండిది పెచ్చులు పెచ్చులుగా ఊడి, కరిగి బయటికొచ్చింది. ఆఖరి సీసాను ఎండలో పట్టుకొని అవతలనుంచి తన ముఖం ఆనించి, "కనబడతాండానా?" అని అరిచింది. వంకర తిరిగి, ఇంతింత కళ్ళతో కనబడింది. ఫోన్ పెట్టేశాక నాకు గుర్తొచ్చింది ఆ ముఖమే.

సాయంత్రం పెరటి మెట్టుమీద ఇద్దరం కూర్చున్నాం. కడిగిన సీసాలు బోర్లించి ఉన్నాయి. అప్పుడు ఆమె తన చేతులు చూపించింది. వణుకుతున్నాయి. "శానా భయమైనాది పాపా" అంది చిన్నగా. ఆ చేతులు పట్టుకున్నాను.

అంతలో గోడ అవతల గొడవ మొదలైంది. నాగమ్మ మొగుడు తూలుతూ ఇంటికొచ్చినట్టుంది.

"యాడ తాగినావు? సెప్పు, యాడ తాగినావు?" నాగమ్మ గొంతు.

"తాగలే. దగ్గుకు టీచరమ్మ మందు..."

"ఆ మందంతా పొద్దున్నే కాలవలో పోసినారు! వీధంతా సూసినాది! ఇన్నాళ్ళూ టీచరమ్మ మందు, టీచరమ్మ మందు అంటివి. ఆ మాట నమ్మి నేనే పోయి ఆమెను పట్టిస్తి గదరా పాపిష్టోడా! ఈ పొద్దు ఏ టీచరమ్మ పోసినాది నీకు?"

ఆ తర్వాత ఏదో గిన్నె పడిన చప్పుడు. ఏడుపు.

నేను అక్కవైపు చూశాను. ఆ మనిషి కదలకుండా ఉండటం నాకు అదే కొత్త. కోపం వస్తుందనుకున్నాను. ఆమె మాత్రం, "ఇన్నాళ్ళూ మన ఇంటి వాసన ఆమెకు ఎట్లుండిందో పాపా. నేనేమో చెవుడని అరుస్తాంటి" అంది. లేచి లోపలికి పోయింది. తలుపు వేసుకున్న చప్పుడు వినబడింది.

ఆ తర్వాత నాగమ్మ గోడవైపు రావడమే మానేసింది. బావి దగ్గర ఎదురుపడితే బిందె సగం నిండకుండానే వెళ్ళిపోయేది. అక్క పలకరింపు కూడా ఆగింది. మెత్తటి మనిషి, ఎదుటివాళ్ళ సిగ్గును రెట్టించడం ఆమెకు చేతకాదు.

ఎండాకాలం వచ్చింది. నాగమ్మ కూతురు పెద్దకడుబూరు అత్తగారింటినుంచి పురిటికి వచ్చింది. కాన్పు కష్టమైంది. బిడ్డ దక్కింది కానీ తల్లి మంచం దిగలేకపోయింది. అన్నం ముద్ద చూస్తే వెక్కి పడుతోందని, పాలు పడలేదని వీధిలో అనుకున్నారు. అక్క ఆ మాట వినడం, సీసా దాకా పోవడం, నిలబడి వెనక్కి రావడం నేను చూశాను. పిలవకుండా పోతే నాగమ్మ ఏమనుకుంటుందో అని.

ఒక మధ్యాహ్నం పెరటి వాకిట్లో నీడ పడింది. నాగమ్మ. కొంగు చాటున ఏదో పట్టుకొని, లోపలికి రాలేక, వెనక్కి పోలేక నిలబడి ఉంది.

అక్క ఆమెను చూసి పరుగెత్తింది. "ఏమక్కా, నీ కూతురికి ఎట్లుంది? లేచి కూసుంటాందా?"

నాగమ్మ కొంగు ఇంకా దగ్గరికి లాక్కుంది. "అమ్మా, ఆ పొద్దు జీపు వాళ్ళకు నేనే..."

"ఆ సీసా ఇటియ్యి" అంది అక్క.

నాగమ్మ కొంగు చాటునుంచి తీసింది. ఎప్పటిదో ఆముదం సీసా. లోపల పొర పొరలుగా సున్నం.

"అమ్మా, నేను సెప్పేది వినమ్మా..."

"ఇట్లాంటి సీసాలో బాలింతకు మందు పోస్తారా ఎవరన్నా? కూసో. ముందు దీన్ని కడగాల. పాపా, నిమ్మకాయ తే! నూకలు తే!"

నాగమ్మను మెట్టుమీద కూర్చోబెట్టి సీసా ఆమె ఒళ్ళోనే పెట్టింది. ఎట్లా ఊపాలో చెయ్యి పట్టుకొని చూపించింది. నాగమ్మ ఊపుతూ ఊపుతూ ఏడ్చింది. అక్క ఏడవొద్దని అనలేదు. "ఇంకా రవ్వంత గట్టిగా. ఆ మూలకు తగలాల" అని మాత్రం అంటూ వచ్చింది. సీసా తేటపడేసరికి ఏడుపూ నిమ్మళించింది. ఉన్న ఆ ఒక్క పెద్దసీసా వంచి అక్క అంచుదాకా పోసింది.

"బువ్వ తిన్నాక రెండు చెంచాలు, అంతే నీళ్ళు కలిపి" అంది.

నాగమ్మ తీసుకొని నాలుగడుగులు వేసి ఆగిపోయింది. "యాడ పెట్టేదమ్మా ఇది మా ఇంట్లో? ఆయన కంటబడితే రేపటికి ఉండదు" అంది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు నాగమ్మకే నవ్వొచ్చింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్క ఆ సీసా వెనక్కి తీసుకుని, "ఈడే ఉండనీ. నీ కూతుర్ని గోడకాడికి తీసుకరా" అంది.

ఆ ఎండాకాలమంతా పూటపూటకూ అది నడిచింది. బోర్లించిన బకెట్ ఎక్కి అక్క ఈ పక్క నిలబడేది. అవతల నాగమ్మ ఆసరాతో ఆ పిల్ల, పాలిపోయిన ముఖం, చేతుల్లో పసిగుడ్డు. గోడమీదనుంచి చెంచా చాపేది అక్క. పిల్ల మింగి, కళ్ళు మూసుకొని, ఆ ఘాటుకు ముఖమంతా చిట్లించేది. చెంచా ఇంకా గాలిలోనే ఉండగా, ఈ పక్క అక్క కూడా తనే తాగినట్టు నోరు తెరిచి, కళ్ళు మూసుకొని, ముఖమంతా చిట్లించేది.